ఫాక్టరింగ్ ఖర్చును లెక్కించడం: అమెరికాలో సొంత ట్రక్కు నడిపేవారి ఉదాహరణ

5.1 పరిచయం

మన ఊళ్లలో చేబదులుకు వెళ్లినవారు వార్షిక వడ్డీ రేటు అడగరు. "ఎన్ని రూపాయల వడ్డీ?" అని అడుగుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి ఇరవై నాలుగు. మూడు రూపాయల వడ్డీ అంటే తీసుకునేవాడు కాస్త ఆలోచిస్తాడు. ఐదు రూపాయలంటే వేరే దారి లేనప్పుడే ఒప్పుకుంటాడు. ఈ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. ధర చెప్పే మాటలోనే నెల అనే కాలం ఇమిడి ఉంటుంది.

ఇప్పుడు ఈ మాట చూడండి: "మీ బిల్లు మాకు ఇవ్వండి, మూడు శాతం రుసుము తీసుకుని రేపే డబ్బు ఇస్తాం." ఇందులో కాలం లేదు. మూడు శాతం ఎన్ని రోజులకు? ఎంత సొమ్ము మీద? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఈ ధర ఎక్కువో తక్కువో చెప్పలేం. వ్యాపారంలో కొత్తగా దిగినవారు, ముఖ్యంగా ఒకే ఒక్క బండి మీద బతికేవారు, ఈ మూడు శాతాన్ని సరుకు మీద మూడు శాతం తరుగులాగా లెక్కేసుకుని సంతకం పెడతారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో, సరైన లెక్క ఎలా వేయాలో ఈ భాగంలో చూద్దాం.

నిర్వహణ మూలధనం గురించిన పాఠంలో ఫాక్టరింగ్ నిర్వచనం చదివారు. ఒక సంస్థ తన ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలను మరో ఆర్థిక సంస్థకు అమ్మి, గడువుకు ముందే డబ్బు పొందడమే ఫాక్టరింగ్. బాకీలు కొనే సంస్థ ఫాక్టర్. ఇది అప్పు తీసుకోవడం కాదు, ఆస్తిని అమ్మడం. పరీక్షలో ఇంతవరకు రాస్తే మార్కులు వస్తాయి కానీ, ఖర్చు లెక్కించడానికి ఈ నిర్వచనం సరిపోదు. అందుకని ఒక నిజమైన రంగాన్ని తీసుకుందాం. ఒక్కొక్క లోడు బిల్లును కూడా ఫాక్టర్‌కు అమ్ముకునే అలవాటు బాగా వేళ్లూనుకున్న చోటు అమెరికా ట్రక్కు రవాణా. అక్కడి రవాణా సంస్థల్లో పదింట తొమ్మిదికి పైగా పది లేదా అంతకంటే తక్కువ ట్రక్కులున్న చిన్న సంస్థలే.

5.2 డీజిల్ ఇవాళ, కిరాయి నెల తర్వాత

అమెరికాలో సొంత ట్రక్కు తానే నడుపుకునే యజమానులు రెండు రకాలుగా పనిచేస్తారు. కొందరు తమ ట్రక్కును ఒక పెద్ద రవాణా కంపెనీకి లీజుకిచ్చి, ఆ కంపెనీ అనుమతి కింద నడుపుతారు. వీరికి ఫెడరల్ లీజు నిబంధనల రక్షణ ఉంది. అవసరమైన కాగితాలు అందజేసిన 15 రోజుల లోపల కంపెనీ వారికి డబ్బు చెల్లించాలి. మరికొందరు ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ నుంచి తమ పేరు మీదే రవాణా అనుమతి తెచ్చుకుంటారు. లోడు ఎంచుకోవడం, ధర మాట్లాడుకోవడం, బిల్లు పంపడం, వసూలు చేసుకోవడం అంతా వారి సొంత పని. ఫాక్టర్ల ఖాతాదారులు ప్రధానంగా ఈ రెండో రకం వారే.

వారి పని ఎలా సాగుతుందో చూడండి. సరుకు పంపే కంపెనీకి, ట్రక్కు యజమానికి మధ్య సాధారణంగా ఒక బ్రోకరు ఉంటాడు. లోడు ఒప్పుకున్నప్పుడు బ్రోకరు కిరాయి ఎంతో రాసి రేటు కన్ఫర్మేషన్ పంపుతాడు. సరుకు దించాక, అందుకున్నవారు సంతకం పెట్టిన బిల్ ఆఫ్ లేడింగ్‌ను జతచేసి యజమాని ఇన్‌వాయిస్ పంపుతాడు. బ్రోకరు డబ్బు ఇచ్చే గడువు ఎక్కువగా 30 రోజులు. ఆచరణలో అది 35, 40 రోజులకు సాగడం మామూలే.

డీజిల్ బంకు మాత్రం 30 రోజులు ఆగదు. వారానికి 2,500 మైళ్లు నడిచే ట్రక్కు, గాలనుకు ఆరున్నర మైళ్లు ఇస్తుందనుకుంటే, వారానికి సుమారు 385 గాలన్ల డీజిల్ తాగుతుంది. గాలను 4 డాలర్లు అయినా ఇది వారానికి 1,540 డాలర్లు. 2022 జూన్‌లో అమెరికాలో డీజిల్ సగటు ధర గాలనుకు 5.80 డాలర్లు దాటింది. అదే ట్రక్కుకు అదే వారపు ఖర్చు అప్పుడు 2,230 డాలర్ల పైమాటే. మొదటి లోడు డబ్బు చేతికి వచ్చేలోపు ఐదు వారాలు గడుస్తాయి. ఆ ఐదు వారాల డీజిల్, ట్రక్కు వాయిదా, బీమా ప్రీమియం, ఇంటి ఖర్చు అన్నీ జేబులోంచే పెట్టాలి. మామూలు సరుకు మోసే ట్రక్కుకు చట్టం కోరే కనీస బాధ్యతా బీమాయే 7,50,000 డాలర్లు. కొత్తగా అనుమతి తెచ్చుకున్నవారికి దాని ప్రీమియం మరీ భారం.

ఫాక్టరింగ్ ఖర్చు గురించి మాట్లాడేవారు తరచు ఈ నేపథ్యం మరిచిపోయి, "ఎందుకు అంత ఖర్చు పెట్టుకోవాలి?" అంటారు. చేతిలో నెలకు సరిపడా డబ్బు లేని మనిషికి బండి ఆగిపోవడమే అన్నింటికంటే పెద్ద ఖర్చు. దీన్ని మళ్లీ చూద్దాం.

5.3 ఒక లోడు, ఒక బిల్లు

ఉదాహరణకు ఒక యజమాని 800 మైళ్ల లోడును 2,000 డాలర్లకు మోశాడనుకోండి. అంటే మైలుకు రెండున్నర డాలర్లు. సరుకు దించిన మర్నాడే బిల్లును ఫాక్టర్‌కు అమ్మాడు. ఒప్పందం ప్రకారం ఫాక్టర్ 95 శాతం, అంటే 1,900 డాలర్లు వెంటనే ఇస్తాడు. మిగిలిన 100 డాలర్లు నిలుపుదల మొత్తంగా తన దగ్గర ఉంచుకుంటాడు. రుసుము బిల్లు మొత్తం మీద 3 శాతం, అంటే 60 డాలర్లు. బ్రోకరు 35వ రోజున ఫాక్టర్‌కు 2,000 డాలర్లు చెల్లించాడు. ఫాక్టర్ తన 60 మినహాయించుకుని మిగతా 40 డాలర్లు యజమానికి తిరిగి ఇచ్చాడు. ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవి. ఒప్పందాన్ని బట్టి మారుతుంటాయి.

రుసుము లెక్కగట్టింది 2,000 మీద. యజమాని వాడుకున్నది మాత్రం 1,900. కాబట్టి అసలు ఖర్చు 60ని 1,900తో భాగించగా వచ్చే 3.16 శాతం. ఇది 35 రోజులకు. ఏడాదికి మార్చాలంటే 365ని 35తో భాగించి, దానితో గుణించాలి. జవాబు 32.9 శాతం. మన భాషలో చెప్పాలంటే దాదాపు రెండు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ. సూత్రంగా గుర్తుంచుకోండి: మొత్తం రుసుములను ముందుగా చేతికి వచ్చిన సొమ్ముతో భాగించి, దాన్ని 365తో గుణించి, ఎన్ని రోజుల ముందు డబ్బు వచ్చిందో ఆ రోజుల సంఖ్యతో భాగించాలి. వచ్చిన భిన్నాన్ని వందతో గుణిస్తే శాతం.

ఇప్పుడు రోజులను మాత్రం మార్చి చూడండి. మంచి పేరున్న బ్రోకరు 15 రోజుల్లోనే ఫాక్టర్‌కు డబ్బు పంపేశాడు. యజమాని కట్టిన రుసుము అదే 60 డాలర్లు. వార్షిక ఖర్చు మాత్రం 76.8 శాతం అవుతుంది, అంటే ఆరు రూపాయల నలభై పైసల వడ్డీ. బ్రోకరు 60 రోజులు తిప్పుకుంటే ఖర్చు 19.2 శాతానికి దిగుతుంది. విద్యార్థులు ఇక్కడ తరచు తికమక పడతారు. రుసుము స్థిరంగా ఉన్నప్పుడు, బాకీదారుడు ఎంత నిజాయితీపరుడైతే ఫాక్టరింగ్ అంత ఖరీదు. మంచి బ్రోకర్లతోనే పనిచేసే యజమాని, సోమరి బ్రోకర్లతో పనిచేసేవాడికంటే ఎక్కువ ధర కడుతున్నాడు. అతడికి కావలసింది కాలాన్ని బట్టి పెరిగే రుసుము.

అలాంటి ఒప్పందాలూ ఉన్నాయి. మొదటి 30 రోజులకు 2 శాతం, ఆ తర్వాత ప్రతి పది రోజులకు, అందులో భాగానికి కూడా, మరో అర శాతం అని రాసుకున్నారనుకోండి. 30 రోజుల లోపల వసూలైతే రుసుము 40 డాలర్లే. 55వ రోజున వసూలైతే మూడు అర శాతాలు కలిసి 3.5 శాతం, అంటే 70 డాలర్లు. ప్రకటనలో కనిపించేది మాత్రం ఆ 2 శాతమే. ఏ ఒప్పందం మేలు అన్నదానికి ఒకే జవాబు లేదు. యజమాని గత బిల్లులు సగటున ఎన్ని రోజులకు వసూలయ్యాయో చూసి చెప్పాలి.

చిన్నచిన్న రుసుములను కూడా ఇందులోకి తేవాలి. అదేరోజు బ్యాంకు ద్వారా డబ్బు పంపినందుకు 15 డాలర్లు వసూలు చేస్తే, చేతికి వచ్చేది 1,885, మొత్తం ఖర్చు 75. పై 35 రోజుల లెక్కలో వార్షిక ఖర్చు 32.9 నుంచి ఒక్కసారిగా 41 శాతం దాటుతుంది. పదిహేను డాలర్లు ఒక పూట భోజనం ఖర్చులాగా కనిపిస్తుంది. ప్రతి లోడుకూ అదే పదిహేను అని గమనిస్తే తప్ప దాని బరువు తెలియదు. ఒక్క రోజు ఆగి మామూలు బదిలీ తీసుకుంటే చాలామంది ఫాక్టర్లు ఈ రుసుము వేయరు.

5.4 కిరాయిలో మూడు శాతం, మిగులులో మూడో వంతు

వార్షిక రేటు ఒక కొలమానం. ట్రక్కు యజమానికి దానికంటే దగ్గరగా తగిలే కొలమానం ఇంకొకటి ఉంది. రుసుము కిరాయి మీద లెక్కగడతారు, కాని కట్టాల్సింది మిగులులోంచి.

అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఏటా ట్రక్కు నడిపే ఖర్చును మైలు లెక్కన ప్రకటిస్తుంది. 2023కు ఆ సంస్థ చెప్పిన సగటు మైలుకు 2.27 డాలర్లు. ఇందులో డీజిల్, వాయిదాలు, మరమ్మతులు, టైర్లు, బీమాతో పాటు డ్రైవరు జీతం కూడా కలిసి ఉంది. మన ఉదాహరణలోని 800 మైళ్లకు ఇది 1,816 డాలర్లు. కిరాయి 2,000 లోంచి తీసేస్తే మిగిలేది 184. ఇందులోంచి 60 డాలర్లు ఫాక్టర్‌కు పోతే, మిగులులో దాదాపు మూడో వంతు పోయినట్టు. కాగితం మీద మూడు శాతం, జేబులో ముప్ఫై మూడు శాతం.

ఇంకా ఒక అడుగు ముందుకు వేయండి. ఆ లోడు ఎత్తడానికి యజమాని 80 మైళ్లు ఖాళీ బండితో వెళ్లాడు. ఖాళీ మైలుకూ దాదాపు అదే ఖర్చు అనుకుంటే మరో 182 డాలర్లు పోతాయి. మిగులు రెండు డాలర్లు. అప్పుడు ఆ 60 డాలర్ల రుసుము నేరుగా అతని సొంత జీతంలోంచి పోతుంది. డ్రైవరు జీతం కూడా ఖర్చులో కలిసే ఉంది కాబట్టి అతను పస్తులుండడు, నిజమే. కాని యజమానిగా పెట్టిన పెట్టుబడికి ఆ ట్రిప్పులో వచ్చింది ఏమీ లేదు. 2022 తర్వాత కిరాయిలు పడిపోయిన కాలంలో చాలామంది చిన్న యజమానులు రవాణా అనుమతులు వదులుకోవడానికి ఫాక్టరింగ్ ఒక్కటే కారణం కాదు. పలచబడిన మిగులు మీద స్థిరమైన కోత ఎలా పనిచేస్తుందో మాత్రం ఈ చిన్న లెక్క చూపిస్తుంది.

5.5 రేటు కాగితంలో కనిపించని ఖర్చులు

ఫాక్టరింగ్ ఒప్పందంలో ఖర్చంతా రేటులోనే ఉంటుందనుకోవడం పొరపాటు. నెలవారీ కనీస పరిమాణం షరతు తీసుకోండి. నెలకు కనీసం 15,000 డాలర్ల బిల్లులు అమ్మాలని, అమ్మకపోయినా ఆ మేరకు రుసుము కట్టాలని రాసి ఉందనుకుందాం. ఇంజన్ మరమ్మతుకు వచ్చి బండి రెండు వారాలు వర్క్‌షాపులో ఉంది. ఆ నెల మోసిన లోడ్ల విలువ 9,000 డాలర్లు. మూడు శాతం చొప్పున రుసుము 270 కావాలి. కట్టాల్సింది 15,000 మీద 450. అంటే ఆ నెల రుసుము రేటు 5 శాతం. బండి చెడిపోయి ఆదాయం తగ్గిన నెలలోనే రేటు పెరగడం ఈ షరతు స్వభావం.

మరో ముఖ్యమైన షరతు, బిల్లులన్నీ ఈ ఫాక్టర్‌కే అమ్మాలన్నది. దీన్ని మొదట్లో ఎవరూ పట్టించుకోరు. ఎలాగూ అన్నీ అమ్మాలనే ఉంటుంది. ఏడాది తర్వాత, త్వరగా డబ్బు ఇచ్చే బ్రోకర్ల బిల్లులను మాత్రం సొంతంగా వసూలు చేసుకుందామనుకున్నప్పుడు ఈ షరతు అడ్డు నిలుస్తుంది. 15 రోజుల్లో వచ్చే బిల్లుకు ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ పడుతుందని పైన చూశాం. సరిగ్గా ఆ బిల్లులనే ఈ షరతు ఫాక్టర్ చేతిలో ఉంచుతుంది. నా దృష్టిలో ఒప్పందం మొత్తం మీద ఖరీదైన వాక్యం ఇదే, రేటు కాదు.

బిల్లు ఒకసారి అమ్మాక ఆ బాకీ మీద హక్కు ఫాక్టర్‌ది. అమెరికాలో యూనిఫాం కమర్షియల్ కోడ్ 9వ ఆర్టికల్ ప్రకారం ఫాక్టర్ ఈ హక్కును ప్రభుత్వ రికార్డులో నమోదు చేయిస్తాడు. ఆ నమోదు సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది. బ్రోకరుకు కూడా హక్కు బదిలీ నోటీసు పంపుతాడు. నోటీసు అందిన తర్వాత బ్రోకరు పొరపాటున డబ్బు ట్రక్కు యజమానికే ఇస్తే అతని బాకీ తీరినట్టు కాదు, ఫాక్టర్‌కు మళ్లీ కట్టాల్సి రావచ్చు. అందుకే బ్రోకర్లు ఫాక్టర్ నుంచి విడుదల పత్రం చూపించేదాకా యజమాని ఖాతాలో పైసా వేయరు. ఒప్పందం మానుకోవాలనుకున్న యజమాని ముందుగా నోటీసు ఇవ్వాలి, కొన్నిసార్లు రద్దు రుసుము కట్టాలి, పాత బకాయిలు తీర్చాలి, ఆ తర్వాత నమోదు తీయించుకోవాలి. నోటీసు గడువు దాటితే ఒప్పందం మరో ఏడాదికి దానంతటదే పొడిగించబడే షరతులూ ఉంటాయి.

ఇక బ్రోకరు అసలు డబ్బే ఇవ్వకపోతే? రికోర్స్ పద్ధతిలో, ఒప్పుకున్న రోజులు, ఉదాహరణకు 90 రోజులు, దాటాక ఫాక్టర్ తాను ఇచ్చిన 1,900 డాలర్లు వెనక్కు తీసుకుంటాడు. సాధారణంగా తర్వాతి లోడ్ల డబ్బులోంచి కోసుకుంటాడు. అప్పటికే ఖర్చయిన డీజిల్ డబ్బును మళ్లీ కట్టడమంటే యజమానికి అది గట్టి దెబ్బ. నాన్ రికోర్స్ పద్ధతిలో ఆ నష్టం ఫాక్టర్‌ది, అందుకని రేటు కొంచెం ఎక్కువ. కాని ఆ పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదు. చాలా ఒప్పందాల్లో ఫాక్టర్ భరించేది బ్రోకరు దివాలా తీసినప్పటి నష్టమే. సరుకు తక్కువొచ్చిందని, తడిసిందని, ఆలస్యంగా చేరిందని బ్రోకరు పేచీ పెట్టి డబ్బు ఆపితే ఆ భారం యజమానిదే. అక్కడి చట్టం ప్రకారం ప్రతి బ్రోకరూ 75,000 డాలర్ల హామీ బాండు పెట్టాలి. 2013 అక్టోబరుకు ముందు ఇది 10,000 డాలర్లే. పెద్ద బ్రోకరు మూతపడి వందలమంది బాకీలు అడిగితే ఆ 75,000 దామాషా ప్రకారం పంచుకోవాలి. ఒక్కొక్కరికి దక్కేది స్వల్పం.

ఖర్చులు చెప్పాను కాబట్టి ఎదురుగా రావలసినవీ చెప్పాలి. ఫాక్టర్ లోడు ఒప్పుకోకముందే బ్రోకరు పరపతి చూసి చెబుతాడు. ఒంటరి యజమానికి ఇది నిజంగా విలువైన సేవ. వసూలుకు ఫోన్లు చేసే పని తప్పుతుంది. కొందరు ఫాక్టర్లు డీజిల్ కార్డు ఇస్తారు. గాలనుకు 30 సెంట్లు తగ్గితే వారానికి 385 గాలన్ల మీద 115 డాలర్లు ఆదా. వారానికి 6,250 డాలర్ల కిరాయి మీద 3 శాతం రుసుము 187 డాలర్లు అయితే, నికరంగా పడేది 72 డాలర్లే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అదే తగ్గింపు ఫాక్టరింగ్‌తో సంబంధం లేని మరో కార్డు మీద కూడా దొరికేటట్టయితే, దాన్ని ఫాక్టరింగ్ లాభంగా రాయడం తప్పు లెక్క.

5.6 ఎప్పుడు తగినది, ఎప్పుడు బయటపడాలి

పై లెక్కలు చూసి ఫాక్టరింగ్ పనికిరానిదని తేల్చకండి. బండి ఆగిపోయిన వారంలో వాయిదా, బీమా కలిపి 900 డాలర్లు ఆగవనుకుంటే, ఆ వారం రుసుము 187 డాలర్లు చవకే. మొదటి ఐదు వారాలు గడవడానికి చేతిలో డబ్బు లేని కొత్త యజమానికి ఇది బతికించే సాధనం. బ్యాంకు అతనికి అప్పు ఇవ్వదు, ఎందుకంటే అతనికి చరిత్ర లేదు. ఫాక్టర్ చూసేది అతని చరిత్రను కాదు, బ్రోకరు చరిత్రను.

ప్రశ్న మూడో నెలలో కాదు, మూడో ఏడాదిలో. వారానికి 187 చొప్పున ఏడాదిలో 50 వారాలకు 9,375 డాలర్లు రుసుము. ఫాక్టరింగ్ మానేసి ఐదు వారాలు తట్టుకోవడానికి డీజిల్‌కు 7,700, వాయిదా బీమాలకు 4,500, మొత్తం సుమారు 12,200 డాలర్ల నిధి కావాలి. ఇంటి ఖర్చు దీనికి అదనం. అంటే పదహారు నెలలు కట్టిన రుసుముతో అతన్ని ఈ అవసరం నుంచి తప్పించే నిధి తయారయ్యేది. అయినా ఏళ్ల తరబడి అందరూ అందులోనే ఎందుకు ఉంటారు? రుసుము ఎప్పుడూ బిల్లులోంచి ముందే పోతుంది, చేతికి వచ్చి పోదు. చేతికి రాని డబ్బును కూడబెట్టాలని ఎవరికీ తోచదు. నిధి మాత్రం చేతికి వచ్చిన డబ్బులోంచి తీసి పక్కన పెట్టాలి.

మధ్యేమార్గంగా చాలామంది బ్రోకర్లు ఇచ్చే త్వరిత చెల్లింపు ఉంది. అక్కడ దాన్ని క్విక్ పే అంటారు. బ్రోకరే ఒకటి రెండు శాతం తగ్గించుకుని రెండు మూడు రోజుల్లో డబ్బు ఇస్తాడు. దీర్ఘకాలిక ఒప్పందం ఉండదు, కావలసిన లోడుకే అడగవచ్చు. లోపం ఏమిటంటే ప్రతి బ్రోకరూ ఇవ్వడు, వారి రేట్లు వేరువేరు.

ధరను ఏడాది రేటుగా చెప్పాలన్న వాదనకు అక్కడ చట్టాలు కూడా కొంతవరకు వచ్చాయి. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం కింద 2022 డిసెంబరు నుంచి, న్యూయార్కులో 2023 ఆగస్టు నుంచి, చిన్న వ్యాపారాలకు ఆర్థిక సాయం ఇచ్చేవారు తమ మొత్తం ఖర్చును, అంచనా వార్షిక రేటును సంతకానికి ముందే తెలపాలి. ఫాక్టరింగ్ అప్పు కాదు, అమ్మకం అన్న సాంకేతిక కారణం ఇక్కడ మినహాయింపు కాలేదు.

5.7 మన లారీల సంగతి

మన దగ్గర ఒంటి లారీ యజమానికి ఈ విధంగా ఫాక్టరింగ్ సాధారణంగా తగలదు. కారణం కిరాయి చెల్లించే పద్ధతి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు లోడు ఎత్తేటప్పుడే కిరాయిలో పెద్ద భాగం అడ్వాన్సుగా ఇస్తుంది. డీజిలుకు, టోలుకు అదే ఆధారం. మిగతా బ్యాలెన్సు, సరుకు అందినట్టు సంతకమైన రసీదు వెనక్కు వచ్చాక ఇస్తారు. కంపెనీ పేరు మీద బిల్లు వేసేది ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టరు, లారీ యజమాని కాదు. కాబట్టి నెలల తరబడి బాకీ ఎదురుచూసే భారం ప్రధానంగా కాంట్రాక్టరుది. ఇక యజమాని తన బ్యాలెన్సు త్వరగా కావాలని వెయ్యో రెండు వేలో తగ్గించుకుని తీసుకుంటే, అది పేరు లేని ఫాక్టరింగే. దానికీ పై సూత్రం వేసి చూడవచ్చు. 20,000 బ్యాలెన్సులో 1,000 వదులుకుని 30 రోజుల ముందు తీసుకుంటే అయిదు రూపాయల వడ్డీకి పైనే పడింది.

కాంట్రాక్టరు స్థాయిలో మాత్రం మన దేశంలోనూ చట్టబద్ధమైన ఏర్పాటు ఉంది. 2011లో ఫాక్టరింగ్ నియంత్రణ చట్టం వచ్చింది. 2021 సవరణ మరిన్ని బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు ఈ వ్యాపారం చేసే వీలు కల్పించింది. రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాల కింద నడిచే ట్రెడ్స్ వేదికల మీద సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు పెద్ద కొనుగోలుదారుల మీద ఉన్న తమ బిల్లులను వేలానికి పెట్టవచ్చు. అక్కడ రెండు విషయాలు గమనించండి. ఆర్థిక సంస్థలు పోటీపడి చెప్పేది వార్షిక రేటు. కొనుగోలుదారు చెల్లించకపోయినా బిల్లు అమ్మినవారి మీదకు తిరిగి రావడానికి వీల్లేదు. మరోవైపు 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి బాకీ ఆపరాదంటుంది. ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. పెద్ద ఖాతాదారును పోగొట్టుకోవడం ఇష్టం లేక ఆ వడ్డీ అడిగేవారు తక్కువ. అది వేరే పాఠం.

5.8 లెక్క చేసి చూడండి

ఒక యజమాని కిరాయి బిల్లు 3,000 డాలర్లు. ఫాక్టర్ 90 శాతం వెంటనే ఇస్తాడు. రుసుము బిల్లు మీద 2.5 శాతం. డబ్బు పంపినందుకు 20 డాలర్లు ముందుగానే మినహాయిస్తాడు. బ్రోకరు 40వ రోజున చెల్లిస్తాడు. అదే బ్రోకరు 2 శాతం తగ్గింపుతో రెండో రోజున నేరుగా డబ్బు ఇవ్వడానికీ సిద్ధంగా ఉన్నాడు. రెండింటి వార్షిక ఖర్చు ఎంత? కింది జవాబు చూడకముందు కాగితం మీద వేయండి.

జవాబు: ఫాక్టర్ దగ్గర చేతికి వచ్చేది 2,700లోంచి 20 పోగా 2,680. మొత్తం ఖర్చు 75, 20 కలిపి 95. దాన్ని 2,680తో భాగించి, 365తో గుణించి, 40తో భాగిస్తే 32.3 శాతం, అంటే సుమారు రెండు రూపాయల డెబ్బై పైసల వడ్డీ. పైగా 300 డాలర్లు 40 రోజులు ఫాక్టర్ దగ్గరే ఉన్నాయి. బ్రోకరు ఇచ్చే త్వరిత చెల్లింపులో ఖర్చు 60, చేతికి వచ్చేది 2,940, ముందుగా వచ్చిన రోజులు 38. వార్షిక ఖర్చు 19.6 శాతం, సుమారు రూపాయి అరవై మూడు పైసల వడ్డీ. రెండోది చవక. ఇప్పుడు యజమాని ఒప్పందంలో బిల్లులన్నీ ఫాక్టర్‌కే అమ్మాలన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే ఆ చవక దారి అతనికి లేదు.